ఆ రెండు దినాలకు బదులుగా

విశ్వప్రభువైన అల్లాహ్‌ను స్తుతిస్తూ, అంతిమ దైవప్రవక్త (సఅసం)పై దరూద్ పంపుతూ, మన పిల్లలకూ పండుగలకూ సంబంధించిన ఒక చారిత్రక విషయాన్ని ఈ శుక్రవారం మననం చేసుకుందాము.

హిజ్రత్ చేసి దైవప్రవక్త (సఅసం) మదీనాకు విచ్చేసినప్పుడు, అక్కడి ప్రజలు ఏటా రెండు దినాలు ఆటపాటలతో గడిపేవారు. అవి ఏ దినాలని ఆయన విచారించగా, అజ్ఞాన కాలం నుండి వస్తున్న వేడుకలని వారు విన్నవించుకున్నారు. వాటికి బదులుగా అల్లాహ్ అంతకన్నా మేలైన రెండు దినాలను, అంటే ఈదుల్ ఫిత్ర్, ఈదుల్ అజ్‌హాలను, ప్రసాదించాడని ఆయన తెలియజేశారు. హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు అబూ దావూద్ గ్రంథంలో ఉన్నది. ఆ రెండు దినాలు పారశీకుల నౌరోజ్, మిహ్రజాన్ అని వ్యాఖ్యాతలు వివరించారు. మొదటిది వసంతారంభపు పండుగ, రెండవది శరత్కాలపు పండుగ.

ఇక్కడ 'బదులుగా' అన్న మాటను గమనించాలి. దైవప్రవక్త (సఅసం) పాత వేడుకను తొలగించి ఆ చోటును ఖాళీగా విడిచిపెట్టలేదు.

శూన్యంగా విడిచిపెడితే ఏమవుతుందో బాగ్దాద్ చరిత్ర చెబుతుంది. అబ్బాసీ ఖలీఫాల కాలంలో భూమిశిస్తు వసూలు నౌరోజ్‌తో ముడిపడి ఉండేది. పంట పండకముందే శిస్తు అడగవలసి వస్తున్నదని ఖలీఫా ముఅతజిద్ హిజ్రీ 282లో (క్రీ.శ. 895) ఆ దినాన్ని జూన్ 11కు మార్చాడు. శిస్తు గడువును మార్చడం సులభమే. కాని జనుల అలవాటు మారలేదు. హిజ్రీ 284లో నౌరోజ్ రాత్రి మంటలు వేయరాదని, పగలు నీళ్లు చల్లుకోరాదని నగరంలో చాటింపు వేయించారు. కొద్ది దినాలలోనే ఆ నిషేధాన్ని ఉపసంహరించుకోవలసి వచ్చింది. అప్పుడు ప్రజలు హద్దు మీరి రక్షకభటుల మీద సైతం నీళ్లు కుమ్మరించారని చరిత్రకారుడు తబరీ వ్రాశారు.

మదీనాలో జరిగినది వేరు. పండుగ దినాన హజ్రత్ ఆయిషా (రజి) ఇంట ఇద్దరు బాలికలు పాడుతుండగా హజ్రత్ అబూ బక్ర్ (రజి) మందలించబోయారు. ప్రతి జాతికీ ఒక పండుగ ఉంటుందని, ఇది మన పండుగ అని చెప్పి దైవప్రవక్త (సఅసం) ఆయనను వారించారు. హబషీలు మస్జిదులో ఈటెలతో విన్యాసాలు చేస్తుంటే ఆయిషా (రజి) తనివితీరా చూసేదాకా ఆయన ఆమెతో నిలిచి ఉన్నారు. ఆషూరా ఉపవాసం నాడు పిల్లలు ఆకలికి ఏడిస్తే సహాబియాలు ఉన్నితో బొమ్మలు చేసి ఇచ్చి, ఇఫ్తార్ వేళ వరకు వారిని ఆడించేవారు.

సోదరులారా! సంక్రాంతికి ఇరుగుపొరుగు పిల్లలు గాలిపటాలు ఎగురవేస్తుంటే మన బిడ్డ గుమ్మంలో నిలబడి చూస్తాడు. "అది మనది కాదు" అని చెప్పి ఊరుకుంటే మనం చేసినది నిషేధం మాత్రమే. పొరుగువారి పండుగను ఎగతాళి చేయడం అసలే తగదు. ఇతరులు ఆరాధించే వాటిని దూషించరాదని అన్ఆమ్ సూరా మనలను ఆదేశించింది. మరి మన ఈద్ నాడు ఆ బిడ్డకు ఏమి ఇస్తున్నాము? నమాజు ముగించి, భోజనం చేసి, మనం నిద్రపోతే వాడికి మిగిలేది ఏమిటి?

మన పండుగలు ఏ ఋతువుకూ కట్టుబడినవి కావు. చాంద్రమానం వలన ఏటా సుమారు 11 దినాలు ముందుకు జరుగుతూ, దాదాపు 33 ఏళ్లలో అవి అన్ని ఋతువులనూ చుట్టివస్తాయి. మన బిడ్డ ఎండలోనూ, వానలోనూ, చలిలోనూ ఈద్‌ను చూస్తాడు. ప్రతిసారీ వాడిని చేయి పట్టుకుని ఈద్‌గాహ్‌కు తీసుకువెళ్దాము. ఫిత్రా దానాన్ని వాడి చేతితోనే ఇప్పిద్దాము. ఆ దినమంతా వాడితో ఆడుదాము.

అల్లాహ్ మన ఇళ్లను ధర్మబద్ధమైన సంతోషంతో నింపుగాక! ఆమీన్.