సామర్లకోట తోట: రాక్స్‌బర్గ్ వృక్షశాస్త్రం, స్థానిక జ్ఞానం

భారతదేశంలో ఆధునిక వృక్షశాస్త్ర చరిత్ర అనగానే 1787లో రాబర్ట్ కిడ్ కలకత్తా సమీపంలోని శిబ్‌పూర్‌లో నెలకొల్పిన ఉద్యానవనం గుర్తుకు వస్తుంది. 1793 నుంచి దాదాపు రెండు దశాబ్దాలు దాన్ని నిర్వహించిన విలియం రాక్స్‌బర్గ్ (1751-1815) ఈ దేశపు మొక్కలతో గాఢమైన పరిచయం సంపాదించింది మాత్రం నేటి కాకినాడ జిల్లాలోని సామర్లకోటలో.

తోట – కంపెనీ ప్రయోజనాలు

స్కాట్లాండ్‌కు చెందిన రాక్స్‌బర్గ్ ఈస్టిండియా కంపెనీ మద్రాసు వైద్యశాఖలో చేరి, 1781లో సామర్లకోటకు వచ్చాడు. అక్కడి తోటలో మిరియాలు, కాఫీ, దాల్చినచెక్క, సీమపనస వంటివాటిని పెంచాడు. లాభసాటి పంటల కోసం కంపెనీ చేసిన అన్వేషణలో ఇదొక భాగం.

అయితే 1789-92 మధ్య ఉత్తర సర్కారులలో వచ్చిన తీవ్ర కరవు అతని ఆలోచనను మరో దిశకు మళ్లించింది. వర్షపాతాన్ని అప్పటికే నమోదు చేస్తున్న రాక్స్‌బర్గ్, పిఠాపురం రాజా నుంచి దాదాపు శతాబ్దం కిందటి కరవు వివరాలు సేకరించాడు. వానలు లేకపోయినా కొంత ఆహారమిచ్చే కొబ్బరి, పనస వంటి చెట్లను విస్తృతంగా నాటాలని సూచించాడు.

చిత్రాలు – పేర్లు

రాక్స్‌బర్గ్ స్థానిక చిత్రకారులతో మొక్కల బొమ్మలు గీయించి లండన్‌కు పంపాడు. జోసెఫ్ బ్యాంక్స్ పర్యవేక్షణలో వాటిలో 300 బొమ్మలు ‘ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్’ అనే గ్రంథంగా 1795-1820 మధ్య మూడు సంపుటాలలో వెలువడ్డాయి. అనేక మొక్కల తెలుగు పేర్లు, వాటి ఉపయోగాలు కూడా అందులో ఉన్నాయి.

సోమిద చెట్టును ఉదాహరణగా తీసుకుందాం. జ్వరానికి వాడే సింకోనా బెరడుకు బదులుగా దీని బెరడు పనికివస్తుందని రాక్స్‌బర్గ్ ప్రచారం చేశాడు. తరువాత ఈ చెట్టు ప్రజాతికి ‘సోయ్‌మిడా’ అనే పేరు స్థిరపడింది. అది తెలుగు మాటే. ఈ విధంగా ఒక తెలుగు పేరు ప్రపంచ వృక్షశాస్త్రంలో నిలిచింది. కానీ ఆ పేరు చెప్పినవారెవరో, ఆ బొమ్మలు గీసినవారెవరో గ్రంథం చెప్పదు.

ముగింపు

సామర్లకోట తోటను ఒక ఐరోపా శాస్త్రజ్ఞుని ఘనకార్యంగా మాత్రమే చూడటం సరికాదు. దాన్ని కేవలం వలస దోపిడిగా కొట్టిపారేయడమూ సరికాదు. పెట్టుబడి, అధికారం కంపెనీవి. వర్గీకరణ పద్ధతి ఐరోపాది. మొక్కల గురించిన తొలి సమాచారంలో చాలాభాగం ఈ ప్రాంత ప్రజలది. ఈ మూడింటి కలయికను, అందులోని అసమానతను గుర్తించినప్పుడే వృక్షశాస్త్రం మన సామాజిక చరిత్రలో భాగంగా అర్థమవుతుంది.

మీ అవగాహనను పరీక్షించుకోండి

1. కరవు అనుభవం రాక్స్‌బర్గ్ సూచనలను ఎలా ప్రభావితం చేసింది?
2. ‘సోయ్‌మిడా’ అనే పేరు స్థానిక జ్ఞానం గురించి ఏమి తెలియజేస్తుంది? చర్చించండి.