మంచినీటి కొలబద్ద

ఒకప్పుడు శాలంకాయనులకు రాజధానియైన వేంగీపురమే నేటి పెదవేగి. ఏలూరునకు ఉత్తరమున ఎఱ్ఱనేలల మెట్టపై ఉన్నది. అచ్చట నీటికై బోరుబావి వేయవలయును. ఏలూరు దాటి దక్షిణమునకు పోయినచో నేల పల్లమై కొల్లేరు వచ్చును. అచ్చట కనుచూపుమేర నీరే. అయినను అందు పట్టణముల మురుగు, చేపలచెరువుల వ్యర్థములు కలియుచున్నవి. సరస్సున నీరు తగ్గినపుడు ఉప్పుటేరు వెంట సముద్రపు టుప్పు ఎగదన్నును. ఈ రెండు తావులలో ఎవరికి మంచినీరు అందుబాటులో నున్నట్లు? ఈ ప్రశ్నకు ప్రభుత్వము లిచ్చిన సమాధానము కాలము ననుసరించి మారుచు వచ్చినది.

1972-73లో భారతప్రభుత్వము గ్రామములకు నీటిసరఫరాను త్వరితపరచు పథకము నారంభించెను. 1.6 కిలోమీటర్ల లోపల, అనగా పాతలెక్కన ఒక మైలులో, నమ్మదగిన నీటివనరు లేని ఊరిని 'సమస్యాగ్రామ' మనిరి. ఉప్పు, ఫ్లోరైడు అధికమైన ఊళ్లును, కలరాభయము గల ఊళ్లును ఆ నిర్వచనమున చేరినవి. కాని దూరమును కొలుచుటకు కాళ్లు చాలును. ఫ్లోరైడును కొలుచుటకు ప్రయోగశాల కావలెను. తేలికైన కొలతయే పెత్తనము చేసినది. మన దేశమున ఫ్లోరైడు వలన ఎముకలు వంకరపోవు వ్యాధిని 1937లోనే నాటి నెల్లూరుజిల్లాలో గుర్తించి యుండిరి. ఆ రోగుల బావులు దూరమున లేవు!

ప్రపంచ ఆరోగ్యసంస్థ, యూనిసెఫ్ కలిసి 1990 నుండి దేశదేశముల లెక్కలు కట్టుచున్నవి. కుళాయి, గొట్టపుబావి, కప్పుగల బావి ఉన్నచో 'మెరుగైన వనరు' అని లెక్కించెడివారు; ఆ నీటిని పరీక్షించుట లేదు. ఈ లెక్కనే ప్రపంచలక్ష్యము 2010లో నెరవేరినదని 2012లో ప్రకటించిరి. 2015లో ఐక్యరాజ్యసమితి క్రొత్త లక్ష్యములు పెట్టుకొనిన పిమ్మట కొలబద్ద మారినది: నీరు ఇంటి ఆవరణలో ఉండవలెను, కావలసినపుడు రావలెను, మలసంబంధమైన సూక్ష్మజీవులు, ఆర్సెనిక్, ఫ్లోరైడు హానికర ప్రమాణమున ఉండరాదు. ఇంటింటి సర్వేకు పోవువారు 100 మిల్లీలీటర్ల నీటిని సన్నని పొరగుండ వడకట్టి, ఆ పొరను ఒకదినము వెచ్చగా నుంచి, పెరిగిన ఇ.కోలై గుంపులను లెక్కింతురు.

2020 డిసెంబరులో ఏలూరున 600 మందికి పైగా మూర్ఛలతో ఆసుపత్రుల పాలైరి. అది కుళాయిలున్న పట్టణమే. అనుమానము తొలుత నీటిపై కలిగెను. రోగుల రక్తమున సీసము, నికెలు కనబడెను. తరువాత నిపుణులు పురుగుమందుల అవశేషములను ప్రధానకారణముగా భావించిరి. ఎన్ని ఇండ్లకు కుళాయి గలదను లెక్క ఆ వారమున ఎవరికిని అక్కరకు రాలేదు.

2019లో ఆరంభమైన జలజీవన్ మిషన్ ప్రతి గ్రామీణగృహమునకు కుళాయి, మనిషికి దినమునకు 55 లీటర్లు లక్ష్యముగా పెట్టుకొనినది. ఊరికి ఐదుగురు స్త్రీలకు నీటిపరీక్షల పెట్టెతో శిక్షణ నిచ్చుట అందలి మంచి యోచన. ఫ్లోరైడు, నైట్రేటు, క్లోరిను ఆ పెట్టెతో ఇంటివద్దనే తెలియును. లీటరునకు 0.01 మిల్లీగ్రాము మించరాదని భారతప్రమాణము చెప్పు సీసము కొరకు మాత్రము సీసాను ప్రయోగశాలకు పంపవలసినదే.