పొందూరు నూలు - మన కత్తెర

1921లో విజయవాడ కాంగ్రెస్ సమావేశం దేశంలో 20 లక్షల రాట్నాలు తిరగాలని తీర్మానించింది. ఇప్పటి శ్రీకాకుళం జిల్లా పొందూరు ఆడవాళ్లకి రాట్నం కొత్త కాదు. వాలుగ చేప దవడ పళ్లతో పత్తి దువ్వి, ఏకులు చేసి, సన్నని నూలు వడికేవారు. ఆ సంగతి విని గాంధీగారు చూసిరమ్మని కొడుకు దేవదాసును పంపారు. బట్టకి పేరొచ్చింది గానీ, వడికిన చేతికి కూలి అంతంతమాత్రమే.

అందుకే అక్కచెల్లెళ్లారా, ఖద్దరు మన మిషను మీదకొస్తే ఒక్క ముక్కా పాడుచేయొద్దు. ఉతికితే కుదించుకుపోయే గుడ్డ కాబట్టి, కత్తిరించే ముందే నీళ్లలో నానబెట్టి ఆరబెట్టండి. అంచుల్లో పోగులు ఊడతాయి. కుట్టు దగ్గర గుడ్డ కాస్త ఎక్కువ వదిలి, మడిచి కుట్టండి. మిగిలిన ముక్కలతో సంచులు కుట్టొచ్చు. ప్రతి పోగులోనూ మనలాంటి ఆడమనిషి కష్టం ఉంది.