పాత జర్కిన్ చలి ఆపడం లేదా? కొత్తది కొనే ముందు చూసుకోవాల్సినవి

ఉమ్మడి ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లాల్లో గట్టి చలి అంటే రెండు నెలల మాట. కానీ ఆ రెండు నెలలు గట్టిగానే ఉంటది. డిసెంబర్, జనవరిలో ఉత్తరాది నుంచి పొడి చలిగాలులు వీచి, ఆకాశం మబ్బు లేకుండా ఉంటే రాత్రిపూట నేల వేడి తొందరగా పోతుంది. తెల్లవారేసరికి సిర్పూర్ (యు), తిర్యాణి, కెరమెరి లాంటి అడవి మండలాల్లో ఉష్ణోగ్రత 10 డిగ్రీల లోపుకు పడిపోవడం అక్కడివాళ్లకు కొత్త కాదు. కొన్ని ఏళ్లలో 5 డిగ్రీల దగ్గరికి కూడా దిగింది. కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి వైపు అంత చలి ఉండదు. అయినా పొద్దున 5 గంటలకు బండి మీద పోయేవారికి అక్కడా వణుకు తప్పదు.

మైదాన ప్రాంతాల్లో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు గానీ అంతకన్నా తక్కువకు గానీ పడి, మామూలు కన్నా 4.5 డిగ్రీలకు పైగా తగ్గితే వాతావరణ శాఖ దాన్ని చలిగాలుల పరిస్థితిగా ప్రకటిస్తుంది. ఇంట్లో దుప్పటి కప్పుకున్నవారికి అది వార్త మాత్రమే. పాలు పోసేవారు, పేపర్ వేసేవారు, రోడ్లు ఊడ్చే మున్సిపల్ కార్మికులు, ఫజర్ నమాజ్‌కు నడిచిపోయే పెద్దలు, సింగరేణి ఓపెన్ కాస్ట్ గనుల్లో రాత్రి షిఫ్టు చేసేవారు, పత్తి బండ్లతో మార్కెట్ యార్డు ముందు రాత్రంతా వరుసలో ఉండే రైతులకు అది ఒంటి మీద పడే దెబ్బ. వీళ్లలో చాలామందికి ఉన్న ఒకే రక్షణ జర్కిన్. అది పాతబడితే ఏం చేయాలి, కొత్తది ఎట్ల ఎంచుకోవాలి అన్నది చిన్న విషయం కాదు.

జర్కిన్ లోపల ఏముంటుంది

బజారులో దొరికే మందపు జర్కిన్లలో ఎక్కువ భాగం సింథటిక్ రకమే. పైన నైలాన్ లేదా పాలిస్టర్ బట్ట, లోపల పలుచని లైనింగ్, రెండింటి మధ్య పాలిస్టర్ పీచు పొర ఉంటాయి. రెక్రాన్ దిండ్లలో ఉండే పీచు లాంటిదే ఇదీ. వెచ్చదనం ఇచ్చేది నిజానికి పీచు కాదు, పీచు మధ్య చిక్కుకున్న గాలి. ఆ గాలి కదలకుండా ఉన్నంతసేపు ఒంటి వేడి బయటికి పోదు. అందుకే పీచు ఎంత ఉబ్బుగా ఉంటే జర్కిన్ అంత వెచ్చగా ఉంటుంది.

బాతు ఈకల జర్కిన్ తేలిక, వెచ్చన. కానీ తడిస్తే ఈకలు ముద్దగా మారి పనికిరాకుండా పోతాయి. అందుకే 1980లలో అమెరికా సైన్యం కోసం అల్బనీ ఇంటర్నేషనల్ సంస్థ తడిసినా వేడిని నిలిపే సన్నని పాలిస్టర్ పీచును తయారు చేసింది. అదే ప్రైమాలాఫ్ట్. త్రీఎం కంపెనీ థిన్సులేట్ కూడా ఈ కోవలోదే. పాలిస్టర్ తన బరువులో ఒక శాతం నీటిని కూడా పీల్చుకోదు. మంచులో, చెమటలో తడిసినా తొందరగా ఆరుతుంది.

మన దగ్గర తరతరాలుగా ఉన్న గొంగడి సంగతి వేరు. దక్కనీ గొర్రెల ఉన్నితో కురుమలు నేసే గొంగడి తడిసినా వెచ్చగానే ఉంటుంది, నిప్పురవ్వ పడినా భగ్గున అంటుకోదు. పొలం కావలికి, యార్డులో రాత్రి పడుకోవడానికి దానికి సాటి లేదు. కానీ అది బరువు, కప్పుకుని బండి నడపలేరు. బండి మీదికి జర్కిన్, కూర్చున్నచోట గొంగడి అనుకుంటే రెండూ పనికొస్తాయి.

నిజంగా మార్చాలా?

“కొత్తగున్నప్పుడు మస్తు వెచ్చగుండె, ఇప్పుడు గాలి లోపలికి కొడుతోంది” అని చాలామంది అంటుంటారు. సింథటిక్ జర్కిన్‌కు ఇది సహజం. సంచిలో కుక్కి పెట్టడం, మడత మీద బరువు వేయడం, వేడి నీళ్లలో ఉతకడం వల్ల పీచు నలిగిపోతుంది. దాంతో ఉబ్బు తగ్గుతుంది, గాలి నిలవదు. పారేసే ముందు ఇంట్లోనే నాలుగు పరీక్షలు చేయవచ్చు.

మొదటిది, జర్కిన్‌ను వెలుగుకు ఎదురుగా పట్టుకోవాలి. పీచు ఒకచోట గుమిగూడి, మరోచోట ఖాళీగా కనిపిస్తే ఆ ఖాళీల నుంచే చలి వస్తున్నట్టు. రెండోది, గుప్పెట్లో గట్టిగా నొక్కి వదలాలి. వెంటనే పొంగితే పీచులో ఇంకా ప్రాణం ఉంది. అట్లనే అణిగి ఉంటే అయిపోయినట్టే. మూడోది, బట్టకు నోరు ఆనించి గట్టిగా ఊదాలి. లోపలివైపు పెట్టిన అరచేతికి గాలి బాగా తగిలితే పైబట్ట గాలి ఆపడం లేదు. నాలుగోది, పైన నాలుగు నీటి చుక్కలు వేయాలి. పూసల్లా జారకుండా వెంటనే ఇంకిపోతే నీటిని తోసే పూత పోయింది.

జిప్పు పాడవడం, కుట్టు ఊడడం, జేబు చిరగడం మార్చడానికి కారణాలు కావు. దర్జీ దగ్గర తక్కువ ఖర్చుతో అయిపోతాయి. చెమట, నూనె, దుమ్ము పట్టి అణిగిన జర్కిన్‌ను చన్నీళ్లలో కొద్ది సబ్బుతో ఉతికి, నీడలో ఆరేసి, మధ్యమధ్యలో దులిపితే కొంత ఉబ్బు తిరిగి వస్తుంది. అప్పుడు కూడా పీచు పరీక్షలో తప్పితేనే కొత్తదాని మాట.

ఎంత మందం కావాలి

మంచి కంపెనీలు లేబుల్ మీద పీచు బరువును జీఎస్ఎంలో రాస్తాయి. చదరపు మీటరుకు ఎన్ని గ్రాముల పీచు ఉందో అది చెబుతుంది. 60 జీఎస్ఎం పలుచనిది, 100 మధ్యరకం, 130 దాటితే మందం. ఖరీదైన విదేశీ జర్కిన్లలో కూడా 60 గ్రాముల పీచుతో వచ్చేవి ఉన్నాయి. కాబట్టి మందం ఎంత ఉంటే అంత మంచిదన్న లెక్క లేదు.

కరీంనగర్ పట్టణంలో పొద్దున నడకకు పోయేవారికి, లోపల స్వెట్టర్ వేసుకునేవారికి 60 సరిపోతుంది. నడిచేవారికి ఎక్కువ మందం వేస్తే చెమట పడుతుంది, ఆగిన తర్వాత ఆ చెమటే చలి పెడుతుంది. బండి మీద పోయేవారికి 80 నుంచి 100 మేలు. ఆదిలాబాద్, ఉట్నూరు, జైనూరు వైపు రాత్రి కదలకుండా కావలి కాసేవారికి 100 నుంచి 130 కావాలి.

గల్ఫ్‌కు పోయేవారు కూడా ఇది గమనించాలి. గల్ఫ్ అంటే ఎండే అనుకుని చలిబట్టలు లేకుండా పోయేవారున్నారు. సౌదీలో తబూక్, హాయిల్ లాంటి ఉత్తర ప్రాంతాల్లో జనవరి రాత్రులు సున్నా దగ్గరికి దిగుతాయి. అక్కడ ఆరుబయట పని దొరికితే మధ్యరకం జర్కిన్ ఒకటి సామానులో ఉండాల్సిందే.

బండి మీద గాలే అసలు చలి

10 డిగ్రీల చలిలో గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోతే ఒంటికి అది దాదాపు 6 డిగ్రీల్లా తగులుతుంది. కాబట్టి పీచు కన్నా ముందు పైబట్ట చూడాలి. నేత దగ్గరగా ఉండి గాలి చొరబడకుండా ఉండాలి. దుకాణంలో కూడా ఊది చూసే పరీక్ష చేయవచ్చు, ఎవరూ కాదనరు.

చాలా జర్కిన్ల మీద అడ్డంగా గీతలు గీతలుగా కుట్లు ఉంటాయి. ఆ కుట్టు పైనుంచి లోపలిదాకా పోతే ప్రతి సూది రంధ్రం గాలికి దారే. కుట్లు దూరం దూరంగా ఉన్నవి, లేదా కుట్టు లైనింగ్ వైపే ఉండి పైబట్ట నున్నగా ఉన్నవి బండికి నయం. కుట్లు మరీ దూరమైతే నాసిరకం పీచు కిందికి జారి అడుగున ముద్ద కడుతుంది. అందుకే కొనేముందు భుజం దగ్గర, నడుము దగ్గర పీచు సమానంగా ఉందో లేదో చేత్తో తడిమి చూడాలి.

జిప్పు వెనుక పొడవునా బట్ట పట్టీ ఉండాలి. అది లేకపోతే గాలి నేరుగా ఛాతీకి కొడుతుంది. మణికట్టు దగ్గర ఎలాస్టిక్, నడుము దగ్గర బిగించే తాడు, గదవ దాకా వచ్చే కాలర్ ఉంటే సగం చలి ఆగినట్టే. హెల్మెట్ పెట్టుకునేవారికి తల టోపీ అవసరం లేదు. వెనుక వేలాడే టోపీ గాలికి ఊగి ఇబ్బంది పెడుతుంది. ఊడదీసే టోపీ ఉన్నది తీసుకుంటే మేలు.

కొలత చూసేటప్పుడు లోపల స్వెట్టర్ వేసుకుని పోవాలి. వేసుకున్నాక రెండు చేతులూ హ్యాండిల్ పట్టుకున్నట్టు ముందుకు చాపాలి. మణికట్టు బయటపడినా, వెనుక నడుము పైకి లేచినా అది చిన్నదే. బిగుతుగా ఉంటే పీచు అణిగి వెచ్చదనం పోతుంది. మరీ వదులైతే గాలి లోపల తిరుగుతుంది.

రంగు కూడా ప్రాణం సంగతే. నలుపు మాసిపోదని చాలామంది అదే కొంటారు. కానీ పొగమంచు కమ్మిన 44వ జాతీయ రహదారి మీద, రాజీవ్ రహదారి మీద నల్ల జర్కిన్ లారీ డ్రైవర్‌కు కనపడదు. లేత రంగు తీసుకోవాలి, లేదా వెనుక మెరిసే పట్టీలు కుట్టించుకోవాలి.

మంట దగ్గర జాగ్రత్త

చలిమంట కాగేటప్పుడు ఈ జర్కిన్ వేసుకుని దగ్గరగా కూర్చోవద్దు. నైలాన్, పాలిస్టర్ నిప్పు తగిలితే కరిగి చర్మానికి అంటుకుంటాయి. ఆ కాలిన గాయం మామూలు గాయం కన్నా లోతుగా ఉంటుంది. చిన్న రవ్వ పడినా బొక్క పడి పీచు బయటికి వస్తుంది. మంట దగ్గర గొంగడి గానీ నూలు దుప్పటి గానీ కప్పుకుని, జర్కిన్ పక్కన పెట్టాలి. పిల్లల విషయంలో ఇది మరీ ముఖ్యం. పొయ్యి మీద, ఇస్త్రీ పెట్టెతో జర్కిన్ ఆరబెట్టడం కూడా తప్పే.

ఎక్కడ, ఎంతకు

చలికాలం మొదలవగానే పట్టణాల్లో టిబెటన్లు, నేపాలీలు రోడ్డు పక్క దుకాణాలు పెడతారు. వారి సరుకులో ఎక్కువ భాగం లుధియానా నుంచి వస్తుంది. అక్కడ చేత్తో పట్టి చూసే వీలుంటుంది, బేరం కూడా ఆడవచ్చు. ఆన్‌లైన్‌లో ఫొటో చూసి మందం తెలియదు. జీఎస్ఎం, బట్ట రకం రాయని జర్కిన్ జోలికి పోకపోవడం మంచిది. వాపసు గడువు ఎన్ని రోజులో ముందే చదువుకోవాలి. జనవరి చివర్లో దుకాణాలు సరుకు వదిలించుకునేటప్పుడు ధర తగ్గుతుంది. వచ్చే ఏడాదికి కొనేవారికి అదే అదను.

2025 సెప్టెంబర్ 22 నుంచి 2,500 రూపాయల వరకు ఉన్న బట్టల మీద జీఎస్టీ 5 శాతం, అది దాటితే 18 శాతం. కాబట్టి 2,600 జర్కిన్‌కు, 2,500 జర్కిన్‌కు మధ్య తేడా కనిపించే వంద రూపాయలు మాత్రమే కాదు. బిల్లు తప్పక అడగాలి. బిల్లు ఉండి, దుకాణదారు లోపాన్ని ఒప్పుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు.

ధరను ఒక్క రోజుతో కాకుండా వాడే రోజులతో లెక్కించాలి. ఉదాహరణకు 700 రూపాయల జర్కిన్ ఒక్క చలికాలం, అంటే 60 రోజులు వస్తే రోజుకు దాదాపు 12 రూపాయలు పడ్డట్టు. 1,800 రూపాయలది ఐదు చలికాలాలు వస్తే రోజుకు 6 రూపాయలే. చేతిలో అంత డబ్బు లేనివారు మంచి పైబట్ట ఉన్న పలుచని జర్కిన్ తీసుకుని, లోపల పాత స్వెట్టర్ వేసుకోవచ్చు. పలుచని పీచుతో మందం తక్కువైనా గాలి ఆగితే చలి సగం తగ్గుతుంది.

ఎక్కువ రోజులు రావాలంటే

చలికాలం అయిపోయాక ఉతికి, పూర్తిగా ఆరబెట్టి, హ్యాంగర్‌కు వేలాడదీయాలి. పెట్టెలో అడుగున కుక్కవద్దు. ఉతికేటప్పుడు జిప్పు వేసి, లోపలివైపు బయటికి తిప్పాలి. పిండవద్దు, నొక్కి నీళ్లు తీస్తే చాలు. బట్టలు మెత్తబడడానికి వాడే ద్రావణం వేయకూడదు, అది నీటిని తోసే పూతను చెడగొడుతుంది.

పాత జర్కిన్‌లో పీచు కొంచెమైనా మిగిలి ఉంటే పారేయాల్సిన పని లేదు. బండి నడపడానికి పనికిరాకపోయినా రాత్రి పడుకునేటప్పుడు కాళ్ల మీద కప్పుకోవడానికి అది చాలు. యార్డు ముందు, బస్టాండ్‌లో రాత్రి గడిపేవారు ప్రతి ఊళ్లో ఉంటారు. జిప్పు బాగు చేయించి, ఉతికి ఇస్తే ఆ జర్కిన్ ఇంకో చలికాలం ఒకరిని కాపాడుతుంది.