కామారెడ్డి జిల్లాలో చిరుతపులులు: వేట, రక్షణ, పశునష్టం

చిరుతపులి కామారెడ్డి జిల్లా అడవుల్లోనూ అడవి అంచు గుట్టల్లోనూ తిరిగే పెద్ద మాంసాహార జంతువు. ఒకప్పుడు నవాబుల వేటకు గురైన ఈ జంతువుకు ఇప్పుడు చట్టం గట్టి రక్షణ ఇస్తోంది. పశునష్టాన్ని ఆపే పని కూడా తుపాకీ నుంచి దొడ్డి కాపలాకు, నష్టపరిహారానికి మళ్లింది.

ఆవాసం

ఎల్లారెడ్డి, కామారెడ్డి వైపు మోదుగ, టేకు, తునికి పెరిగే ఎండు అడవులున్నాయి. పడమటి కొసన మహారాష్ట్ర, కర్ణాటక సరిహద్దులను ఆనుకొని ఉన్న జుక్కల్, మద్నూర్ ప్రాంతం చాలావరకు పత్తి, సోయా, కంది పండే నల్లరేగడి నేల. చుక్కల జింక, అడవిపంది, కుందేలు, కోతి, నెమలి చిరుతకు సహజ ఆహారం. అవి దొరకని చోట మేకలు, గొర్లు, లేగదూడలు, ఊరకుక్కలపై పడుతుంది.

వేట కాలం

బ్రిటిష్ ఇండియాలో చిరుతను చంపినవారికి ప్రభుత్వమే బహుమానం ఇచ్చేది. 1875–1925 మధ్య లక్షన్నరకు పైగా చిరుతలు హతమయ్యాయని చరిత్రకారుడు మహేశ్ రంగరాజన్ అంచనా. హైదరాబాద్ సంస్థానంలో వేట పాలకుల వినోదం. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ వేట విడిదులను ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ ఫొటోలు తీశాడు. మెదక్, ఎల్లారెడ్డిల నడుమ ఉన్న పోచారం అడవి కూడా నిజాంల వేటభూమే. దాన్ని 1952లో అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 130 చదరపు కిలోమీటర్లు. అక్కడ తర్వాత జింకల పెంపకం కేంద్రం కూడా వచ్చింది.

చట్టం

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేటకు తెరపడింది. చిరుత ఇప్పుడు ఆ చట్టంలో అత్యధిక రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూలులో ఉంది. మనుషుల ప్రాణానికి ముప్పుగా మారితేనో, కోలుకోలేని గాయమో రోగమో ఉంటేనో తప్ప చంపడానికి అనుమతి రాదు. అది కూడా రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి రాతపూర్వకంగా ఇవ్వాలి. మేకను ఎత్తుకుపోయిందన్నది అందుకు కారణం కాదు. అమెరికాలోని కాలిఫోర్నియాలో కూగర్ అనే పెద్దపిల్లి కథా ఇలాగే నడిచింది: 1907 నుంచి 1963 వరకు తలకు వెల కట్టిన రాష్ట్రమే 1990లో ప్రజల ఓటుతో దాని వేటను నిషేధించింది.

నష్టం నిర్ధారణ

పశువు చనిపోతే యజమాని అటవీశాఖకు తెలపాలి. సిబ్బంది వచ్చి పంచనామా చేస్తారు, పశువైద్యుడు కళేబరాన్ని పరీక్షిస్తాడు. చిరుత సాధారణంగా గొంతు పట్టి ఊపిరాడకుండా చంపుతుంది, కళేబరాన్ని పొదల్లోకి ఈడ్చుకుపోతుంది. నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటుంది కనుక అడుగు గుండ్రంగా, గోటి గుర్తు లేకుండా పడుతుంది. తోడేలు, కుక్క, హైనా అడుగుల్లో గోళ్లు కనిపిస్తాయి. నష్టపరిహారం ఇవ్వాలా వద్దా అన్నది చాలాసార్లు ఈ ఆనవాళ్ల మీదే తేలుతుంది. అందుకే కళేబరాన్ని కదపకుండా ఉంచడం ముఖ్యం. కోపంతో దానిపై విషం చల్లితే అది నేరం. నక్కలు, కుక్కలు కూడా చస్తాయి.

బోను, తరలింపు

చిరుత కనబడగానే ఊళ్లవాళ్లు మొదట అడిగేది బోను. మహారాష్ట్రలోని జున్నర్ అనుభవం వేరే పాఠం చెప్పింది. 2001 నుంచి అక్కడ చిరుతలను పట్టి దూరపు అడవుల్లో వదలసాగారు. ఆ తర్వాత మనుషులపై దాడులు ఏడాదికి సగటున 4 నుంచి 17కు పెరిగాయని వన్యప్రాణి శాస్త్రవేత్త విద్యా ఆత్రేయ బృందం పరిశోధనలో తేలింది. పట్టిన చిరుత ఖాళీ చేసిన చోటికి మరొకటి రావచ్చు, వదిలిన చోట కొత్త గొడవ మొదలుకావచ్చు. కేంద్ర పర్యావరణ శాఖ 2011 మార్గదర్శకాలు కూడా బోనుకన్నా ముందు జాగ్రత్తలకే పెద్దపీట వేశాయి.

మంద రక్షణ

2022 గణన ప్రకారం దేశంలో చిరుతలు 13,874 ఉన్నట్టు అంచనా. 2018లో ఆ సంఖ్య 12,852. మరోవైపు మందలు పెంచేందుకు తెలంగాణ ప్రభుత్వం 2017లో గొల్ల కురుమలకు 75 శాతం రాయితీపై గొర్ల పంపిణీ మొదలుపెట్టింది. గుట్టల పక్క ఊళ్లలో మందలు పెరిగినకొద్దీ రాత్రి కాపలా అవసరమూ పెరుగుతుంది. చిరుత గోడలెక్కగలదు కాబట్టి పైకప్పు లేని ముళ్లకంప దొడ్డి చాలదు. పైన కూడా జాలీ ఉన్న కొట్టం, లైటు, చీకటి పడకముందే మందను ఇంటికి తోలడం అక్కరకొస్తాయి. చచ్చిన పశువులను ఊరి పక్కన పారేయకపోతే కుక్కలు, వాటి వెంట చిరుతలు రావడం తగ్గుతుంది.