శస్త్రచికిత్సయు స్త్రీ సమ్మతియు

రొమ్మున రాచపుండు కలదని వైద్యుడు చెప్పిన దినమున స్త్రీకి రెండు కష్టములు ఒక్కమారుగ వచ్చిపడును. మొదటిది వ్యాధి, రెండవది నిర్ణయము. స్తనమంతయు తీసివేయించుకొనవలెనా, గడ్డను మాత్రము తీయించుకొని పిదప రేడియేషను చికిత్స పొందవలెనా అని ఆమె కొలది దినములలో తేల్చుకొనవలసి యుండును. తేల్చుకొన్న పిమ్మటనైనను మనస్సు నెమ్మదించునా? స్తనము నుంచుకొన్న యామె "ప్రాణముకంటె రూపమే ఎక్కువ యనుకొంటినా?" యని కుందును, తీయించుకొన్న యామె "అనవసరముగ పోగొట్టుకొంటినేమో!" యని వగచును. ఇంటిలోనివారు దీనిని పిరికితనమనియు, చాదస్తమనియు కొట్టివేయుట కలదు. ఇది పిరికితనము కాదు. వైద్యశాస్త్రమే నూరేండ్లకాలము ఈ సందేహముతో పెనుగులాడి, దానివలననే బాగుపడినది. ఆ చరిత్రను పాఠకుల యెదుట నుంచుటయే మా యుద్దేశము.

మత్తుమందులు వ్యాప్తిలోనికి రాని కాలమున, 1811 సెప్టెంబరు 30 న, ఇంగ్లీషు నవలారచయిత్రి ఫానీ బర్నీ పారిస్ నగరమున తన కుడి స్తనమును తీయించుకొనెను. నెపోలియను సేనావైద్యుడైన లారే ఆ శస్త్రము చేసెను. నెలలు గడచిన తరువాత ఆమె అక్కకు జాబు వ్రాయుచు, ఆ యుదంతమును నోటితో చెప్పుటకైనను చాలకాలము తనకు శక్తి లేకపోయెనని తెలిపెను. పిదప ఆమె 28 ఏండ్లు జీవించి 1840 లో మరణించెను. చికిత్స ఫలించినను భయము వెంటనే వీడిపోదని ఆ జాబు మనకు చెప్పుచున్నది.

మత్తుమందు వచ్చినది, శస్త్రశాలకు శుభ్రత వచ్చినది. దానితో వైద్యులకు ధైర్యమును పెరిగినది. అమెరికాలో బాల్టిమోరు నగరమునందలి జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో విలియం హాల్‌స్టెడ్ అను శస్త్రవైద్యుడు 1894 లో 50 మంది రోగుల వృత్తాంతమును ప్రకటించెను. వ్యాధి రొమ్మునుండి క్రమముగ చుట్టుప్రక్కలకు ప్రాకునని అతని నమ్మకము. కావున స్తనముతోపాటు దాని క్రింది ఛాతికండరములను, చంకలోని గ్రంథులను కూడ ఏకఖండముగ తొలగించెను. ఆ కాలపు స్త్రీలలో పెక్కుమంది గడ్డ మిక్కిలి పెరిగిన తరువాతనే వైద్యుని చేరుచుండిరి. అట్టివారికి గాయమైనచోటనే వ్యాధి తిరుగబెట్టకుండ చేసిన ఈ పద్ధతి నిజముగ మేలే. అయితే చేయి వాచుట, భుజము కదలకపోవుట, ఛాతి గుంటపడుట వారికి జీవితాంతము మిగిలెను. కొంతకాలమునకు ఈ పద్ధతి మతసిద్ధాంతమువలె స్థిరపడినది. ఎంత ఎక్కువ కోసిన అంత క్షేమమను భావము వైద్యులలోనే కాక జనులలోను నాటుకొనెను. నేటికిని మన ఇండ్లలో "అంతయు తీసివేసిన పీడ పోవును" అను మాట వినబడుచున్నదనిన, అది ఆ కాలపు వారసత్వమే.

సందేహించినవారు లేకపోలేదు. లండనులో జెఫ్రీ కేన్స్ అను వైద్యుడు 1920 తరువాతి సంవత్సరములలో గడ్డ యున్నచోట రేడియము సూదులు గ్రుచ్చి చికిత్స చేసి, స్తనమును నిలుపుట సాధ్యమేయని చూపెను. తోడివైద్యులు పెక్కుమంది అతనిని ఆక్షేపించిరి. వాదమునకు వాదము సమాధానము కాలేదు; లెక్కయే సమాధానమైనది. ఇటలీలో మిలాను నగరమున ఉంబెర్టో వెరోనేసి 1973 లో ఒక పరీక్ష నారంభించెను. రెండు సెంటీమీటర్లకు మించని గడ్డగల 701 మంది స్త్రీలను, చీటీలు వేసి పంచినట్లు, రెండు పక్షములుగ విభజించిరి. ఒక పక్షమువారికి హాల్‌స్టెడ్ పద్ధతి. రెండవ పక్షమువారికి స్తనములో నాల్గవభాగము మాత్రము తీసి రేడియేషను. ఇరువదేండ్ల పిమ్మట చూడగా, ఈ వ్యాధివలన మరణించినవారు మొదటి పక్షమున నూటికి 24 మంది, రెండవ పక్షమున 26 మంది. అంతటి తేడా కేవలము యాదృచ్ఛికముగ రాదగినదే యని గణితజ్ఞులు తేల్చిరి.

అమెరికాలో బర్నార్డ్ ఫిషర్ 1976 లో ఆరంభించిన పరీక్షయు ఇట్లే పలికెను. అందు 1,851 మంది స్త్రీల చరిత్రను ఇరువదేండ్లు గమనించిరి. స్తనమంతయు తీయించుకొన్నవారి ఆయుర్దాయమునకును, గడ్డ మాత్రము తీయించుకొన్నవారి ఆయుర్దాయమునకును భేదము కనబడలేదు. కాని యొక షరతు బయటపడినది. గడ్డ తీసిన తరువాత రేడియేషను పొందనివారిలో నూటికి 39 మందికి అదే రొమ్మున వ్యాధి తిరుగబెట్టెను. పొందినవారిలో 14 మందికి మాత్రమే. నేటి మందులవలన ఈ సంఖ్య ఇంకను తగ్గినది. కావున స్తనము నుంచుకొనుట యనగా చికిత్సలో సగము మానుకొనుట కాదు. శస్త్రముతోపాటు రేడియేషనును పూర్తిగ స్వీకరించుట.

ఏ శస్త్రము మేలను ప్రశ్నతోపాటు, నిర్ణయమెవరిదను ప్రశ్నయు ఆ కాలముననే పుట్టెను. అప్పటి ఆచారము ప్రకారము గడ్డను పరీక్షించుటకై స్త్రీకి మత్తుమందిచ్చి, అది రాచపుండని తేలినచో ఆమెను లేపకుండగనే స్తనమును తొలగించుచుండిరి. మేల్కొనునప్పటికి స్తనముండునో లేదో తెలియకయే ఆమె నిద్రపోవలెను. 1974 లో రోజ్ కుష్నర్ అను అమెరికా పత్రికారచయిత్రి ఇందుకు ఒప్పుకొనలేదు. పరీక్ష వేరు, శస్త్రము వేరు, నడుమ ఆలోచించుకొను వ్యవధి తన హక్కు అని పట్టుపట్టెను. 1979 లో ఆ దేశపు వైద్యపండితుల సభ ఆ రెంటిని వేరుచేయుటయే మేలని నిర్ణయించెను. మన దేశముననైతే 2008 జనవరి 16 న సుప్రీముకోర్టు ఇట్టి ధర్మమునే స్థాపించినది. పరీక్షకని మత్తుమందిచ్చిన స్త్రీకి, ఆమె స్మృతిలో లేనపుడు తల్లి సమ్మతిపై గర్భాశయమును తొలగించిన వ్యవహారమది. వయస్సు వచ్చి, తెలివిలో నుండి సమాధానము చెప్పగల స్త్రీకి బదులుగ, ప్రాణాపాయ సమయమున దక్క, మరియొకరి సమ్మతి చెల్లదని న్యాయస్థానము తీర్పు చెప్పెను.

ఈ ప్రశ్న మన చిత్తూరుసీమకు క్రొత్త కాదు. 1911 లో చిత్తూరు జిల్లా యేర్పడకముందు వేలూరు, చిత్తూరు రెండును ఉత్తరార్కాటు జిల్లాలోనివే. చిత్తూరే దానికి ముఖ్యస్థానము. ఆ వేలూరున వైద్యాలయము స్థాపించిన ఐడా స్కడ్డర్ వైద్యవిద్యకు పూనుకొనిన కారణము ప్రసిద్ధము. తిండివనములో ఒకే రాత్రి మువ్వురు పురుషులు ప్రసవవేదన పడుచున్న తమ భార్యలకు సాయము కోరి ఆమె యొద్దకు వచ్చిరి. వైద్యుడైన ఆమె తండ్రి సిద్ధముగ నుండగా, పరపురుషుడు తాకరాదని నిరాకరించి వెడలిపోయిరి. తెల్లవారునప్పటికి ఆ మువ్వురు స్త్రీలును మరణించిరి. వైద్యుడు లేక కాదు. ఆ స్త్రీలను అడిగినవారు లేక. ఐడా 1900 లో వైద్యురాలై వచ్చి, 1902 లో వేలూరున ఆసుపత్రి తెరచి, 1918 లో స్త్రీలకు వైద్యపాఠశాల నెలకొల్పెను. చిత్తూరు, పలమనేరు ప్రాంతములవారికి నాటినుండి వేలూరే పెద్ద దిక్కైనది. పిమ్మట 1993 లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర వైద్యవిజ్ఞానసంస్థ పనిచేయ నారంభించెను. 2022 మే నెలలో టాటా ట్రస్టుల పూనికతో కేన్సరు చికిత్సకే ప్రత్యేకమైన ఆసుపత్రి అచ్చటనే తెరువబడెను.

ఆసుపత్రులు దగ్గరైనవి, ఐనను నిర్ణయము సులభము కాలేదు. కుప్పమునుండి గాని మదనపల్లెనుండి గాని వచ్చిన గృహిణికి రేడియేషను కొరకు వారములపాటు పట్టణమున నుండవలెను. పూర్వము ఐదారు వారములు పట్టెడిది; ఇపుడు పెక్కుచోట్ల మూడు వారములకు తగ్గినది. బస, కూలి నష్టము, ఇంటివద్ద పిల్లలు, పాడిపశువులు, ఇవన్నియు లెక్కలోనికి వచ్చును. ఇవి యోచించి ఆమె స్తనమంతయు తీయించుకొనుటకే నిశ్చయించినచో, అది అజ్ఞానము కాదు. ఆ కారణములను ఆమె యెరిగి యెంచుకొనెనా, లేక భర్తయు కొడుకును వసారాలో వైద్యునితో మాటలాడి నిశ్చయించిరా అనునదే ప్రశ్న.

తిరుపతివారికి ఈ భేదము వేరుగ బోధింపనక్కరలేదు. తిరుమల కల్యాణకట్టలో ప్రతిదినమును ఎందరో స్త్రీలు మ్రొక్కు చెల్లించి తలనీలాలు సమర్పింతురు. బోడితలతో కొండ దిగుచున్న స్త్రీని చూచి ఇచట ఎవరును జాలిపడరు. ఒకనాడు వితంతువుల తలలను బలవంతముగ గొరిగించెడి ఆచారమును మన సంఘసంస్కర్తలు దురాచారమని ఖండించిరి. కత్తి ఒకటే, తలయు నొకటే. ఒకచోట ఆమె యిచ్చినది, ఒకచోట ఆమెనుండి లాగుకొన్నది. శస్త్రశాలలోని కత్తి విషయమును ఇంతే. తానెరిగి సమ్మతించిన స్త్రీకి గాయము మానిన తరువాత శాంతి కలుగుటకు అవకాశము కలదు. ఇతరులు నిశ్చయించినచో సందేహము పుండువలె లోపల మిగిలిపోవును.

కావున ఆమె వైద్యుని నిస్సంకోచముగ అడుగవలెను: నా వ్యాధి ఏ దశలో నున్నది? రెండు మార్గములును నాకు తగునా? గడ్డ పెద్దదైనను, ఒకటికంటె ఎక్కువచోట్ల నున్నను, రేడియేషను పొందుట సాధ్యము కాకున్నను స్తనమును తొలగించుటయే మేలని వైద్యుడు చెప్పవచ్చును. అపుడు కారణమును అడుగవలెను. ముందుగ మందులిచ్చి గడ్డను చిన్నది చేయవచ్చునా? చంకలోని గ్రంథులన్నియు తీయవలసినదేనా? తీసినచో ఛాతికి పూర్వాకారము కల్పించు శస్త్రము కలదా? వేరొక వైద్యుని అభిప్రాయము తీసికొనుట అమర్యాద కాదు. సాధారణముగ కొన్ని దినములు యోచించుటవలన ప్రమాదము రాదు. కాని నెలలు జాగుచేయుట, నాటుమందులతో కాలము గడపుట మాత్రము ప్రాణాంతకము.

నిర్ణయించుకొన్న తరువాత రాత్రివేళ సందేహము మరల వచ్చును. వచ్చినంతమాత్రమున ఆ నిర్ణయము తప్పని కాదు. తగిన దశలో రెండు మార్గములును ఆయుస్సు విషయమున సమానములని వేలకొలది స్త్రీలు తమ దేహములతో ఋజువు చేసి యిచ్చిరి. ఆ మాటను ఆమెకు గుర్తుచేయుట, చెంత కూర్చుండుట, "ఇంక దానిని తలపకుము" అని నోరు మూయింపకుండుట ఇంటిలోనివారి పని. స్త్రీలకు విద్య కావలెనని, వివాహమున సమ్మతి కావలెనని మన పూర్వులు పోరాడిరి. తన శరీరముపై కత్తి పెట్టునపుడు ఆమె మాటయే మొదటి మాట కావలెననుట ఆ పోరాటములోని భాగమే. ఆ మాట చెప్పుటకు ఆమెకు తెలివిడియు, వ్యవధియు, ధైర్యమును సమకూర్చిన గృహమే సంస్కారము గల గృహమని మేము తలంతుము.