తుంటి ఎముక – డి విటమిన్ : నూరేళ్ళ చరిత్ర

మన సంఘ సభ్యులు ఇద్దరు కలిస్తే డి.ఏ. బకాయిల తరువాత వచ్చే మాట మోకాళ్ళు, నడుము, తుంటి ఎముకే. "బాత్‌రూములో జారిపడ్డారట, మంచం పట్టారట" అనే కబురు వినని ఊరు లేదు. పల్నాడు ఇళ్ళలో చాలావరకు నేలకు పరచేది నాపరాయి. తడిస్తే అది జారుతుంది. అచ్చంపేట నుండి సత్తెనపల్లికో, గుంటూరుకో తీసుకుపోయే లోపలే ఇంట్లో చర్చ మొదలవుతుంది. ఆపరేషన్ చేయించాలా? కట్టు కట్టించాలా? ఎముకల బలానికి మందు వాడితే చాలదా? ఈ ప్రశ్నలకు వైద్యశాస్త్రం గత నూరేళ్ళలో ఏమి సమాధానం చెప్పిందో తెలుసుకోవడం మనకు ఎంతైనా అవసరం.

ఒకప్పుడు తుంటి విరిగిన వృద్ధులకు మంచమే గతి. కాలికి బరువు వేలాడదీసి వారాల తరబడి పడుకోబెట్టేవారు. ఎముక అతికే లోపలే పడక పుండ్లు, న్యుమోనియా ప్రాణం తీసేవి. 1931లో అమెరికాలో స్మిత్ పీటర్సన్ మూడు రెక్కల మేకుతో విరిగిన ఎముకను బిగించే పద్ధతిని లోకానికి తెలియజేశాడు. 1940లో ఆస్టిన్ మూర్ లోహపు కీలు అమర్చాడు. 1962లో ఇంగ్లండులో జాన్ చార్న్‌లీ నేటి కీలుమార్పిడికి బాట వేశాడు. మన చిత్తూరు సీమలో పుత్తూరు కట్టుకు ఎంతో పేరుంది. కాని తుంటి కీలు కండల మధ్య లోతున ఉంటుంది. పైనుండి కట్టే కట్టు దానిని కదలకుండా పట్టి ఉంచలేదు.

ఇక డి విటమిన్ సంగతి. పిల్లల ఎముకలు వంకరపోయే రికెట్స్ వ్యాధికి కాడ్‌లివర్ నూనె పనిచేస్తుందని 1919లో మెలన్‌బీ కుక్కపిల్లలపై నిరూపించాడు. అదే ఏడాది బెర్లిన్‌లో హుల్డ్‌షిన్‌స్కీ అతినీలలోహిత కాంతితో ఆ వ్యాధిని నయం చేశాడు. 1922లో మెకాలమ్ ఆ నూనెలోని గుణం ఏ విటమిన్‌ది కాదని, వేరొక పదార్థానిదని తేల్చాడు. అదే డి విటమిన్. ఈ పరిశోధనలకు గాను 1928లో విండావ్స్‌కు నోబెల్ బహుమతి లభించింది.

పిల్లలకు పనిచేసినది పెద్దలకూ పనిచేయదా? 1992లో ఫ్రాన్సులో వృద్ధాశ్రమాలలోని 3,270 మంది స్త్రీలపై జరిపిన పరీక్ష ఫలితాలు వెలువడ్డాయి. రోజుకు 800 యూనిట్ల డి విటమిన్, కాల్షియం ఇవ్వగా 18 నెలలలో తుంటి విరుగుళ్ళు 43 శాతం తగ్గాయి. ఆశలు పెరిగాయి. "కొంచెం మంచిదైతే ఎక్కువ ఇంకా మంచిది" అనుకున్నారు. 2010లో ఆస్ట్రేలియా నుండి హెచ్చరిక వచ్చింది. ఏడాదికొకసారి ఒకేమారు 5 లక్షల యూనిట్లు పుచ్చుకొన్న వృద్ధ స్త్రీలు ఎక్కువగా పడ్డారు, ఎముకలూ ఎక్కువగా విరిగాయి. 2022లో అమెరికాలో 25,871 మందిపై జరిగిన పరీక్షలో, లోపం ఉన్నవారిని ఏరకుండా రోజుకు 2,000 యూనిట్లు ఇవ్వగా విరుగుళ్ళు తగ్గలేదు. లోపం ఉన్నవారికి మందు వేరు, లేనివారికి మాత్ర వేరు అని దీని సారాంశం.

తుంటి విరిగిన తరువాత మాటేమిటి? 2010లో జూరిచ్ వైద్యులు అటువంటి 173 మందిని ఏడాదిపాటు పరిశీలించారు. రోజుకు 800కు బదులు 2,000 యూనిట్లు తీసుకొన్నవారు మళ్ళీ ఆసుపత్రిలో చేరడం 39 శాతం తగ్గింది గాని, పడిపోవడం తగ్గలేదు. పడిపోవడాన్ని 25 శాతం తగ్గించినది అదనపు వ్యాయామ చికిత్స. మాత్ర నడకకు తోడే గాని, నడకకు బదులు కాదు.

"మనకు ఎండకేం కొదవ?" అని కొందరు అంటారు. తిరుపతి స్విమ్స్ వైద్యులు ఆ ప్రాంత ప్రజలను పరీక్షించి 2007, 2008లలో ప్రచురించిన వివరాలు చూడండి. పట్నవాసులలోనే కాదు, ఎండలో పొలంపని చేసే పల్లెవాసులలోనూ లోపం కనిపించింది. ఆహారంలో కాల్షియం తక్కువ. ధాన్యాలలోని ఫైటేట్లు ఆ కొద్దిపాటి కాల్షియాన్ని కూడా ఒంటికి పట్టనివ్వవు. పొలంలో వంగి పనిచేసేవారికే ఇలా ఉంటే, ఉద్యోగమంతా కుర్చీలో, విశ్రాంతి అంతా నీడలో గడిపిన మన సంగతి వేరే చెప్పాలా?

కాబట్టి సభ్యులకు మనవి. డి విటమిన్ పరీక్ష, మోతాదు వైద్యుని నిర్ణయానికే వదలండి. 60 వేల యూనిట్ల పొట్లాలు, లక్షల యూనిట్ల ఇంజెక్షన్లు సొంతంగా తీసుకోవద్దు. మోతాదు మించితే రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలు దెబ్బతింటాయి. పాలు, పెరుగు, రాగులు మానవద్దు. స్నానాల గదిలో పట్టుకొనేందుకు ఒక కమ్మీ, రాత్రివేళ ఒక చిన్న దీపం ఏర్పాటు చేసుకోండి. ఒకవేళ తుంటి విరిగితే కాలయాపన చేయకుండా ఎముకల వైద్యుని వద్దకు చేరండి. వీలైతే ఆపరేషన్ మరునాడే లేపి నిలబెట్టడం నేటి పద్ధతి. "ఈ వయసులో ఆపరేషన్ ఎందుకులే" అనే మాట పిల్లల నోట వచ్చే ముందే, మన కోరిక ఏమిటో మనమే వారికి చెప్పి ఉంచుదాం.